జెనాన్ జబ్బుకి ఊరంతా కోతకొచ్చింది

జెనాన్ ప్రిస్తుపాకి వంకర అంటే గిట్టదు. పరాయి ఇంట్లోనైనా సరే, గోడ మీద పటం కాస్త ఒరిగి ఉంటే లేచి వెళ్లి సరిచేసి వచ్చి కూర్చుంటాడు. చర్చిలో కొవ్వొత్తి ఒకటి పక్కకి వాలిందంటే ఆ ఆదివారం ఫాదర్ ప్రసంగం ఆయన చెవికెక్కదు. డోబ్రా ఊళ్లో ఎవరు కంచె వేసుకోవాలన్నా ముందు జెనాన్‌ని పిలిచి నిలబెట్టేవాళ్లు. ఆయన ఒక కన్ను మూసి చూసి, "మూడో గుంజ తాగొచ్చింది, పీకండి" అనేవాడు. పీకి చూస్తే నిజమే.

కెనడాలో ఆ సస్కాచువాన్ నేల బల్లపరుపుగా ఉంటుంది. ఇంత సాపు నేల మీద వంకరగా విత్తేవాడికి మనిషి జన్మ ఎందుకని ఆయన ఉద్దేశం. ఉపగ్రహాలు ట్రాక్టర్లు నడపని రోజుల్లో కూడా జెనాన్ విత్తిన సాళ్లు దారం పట్టి గీసినట్టు ఉండేవి. చుట్టాలొస్తే జనం కారెక్కించి తీసుకొచ్చి ఆ పొలం చూపించేవారు. "అవతలి గట్టు మీద ఒక రాయి చూసుకో. దాని మీంచి కన్ను తీయకు. వెనక్కి తిరిగావా, చెడ్డావే" అని వాళ్ల నాన్న చిన్నప్పుడు నేర్పిన విద్య అది. ఆ ఒక్క మాట పట్టుకుని జెనాన్ అరవయ్యేళ్లు బతికేశాడు. పెళ్లి, పంట, అప్పు తీర్చడం, అన్నీ గట్టు మీద రాయి చూసుకుని చేసినవే.

అలాంటి మనిషికి అరవయ్యో ఏట దేవుడు ఒక వంకర పెట్టదలుచుకున్నాడు. పెట్టడానికి ఆయనకి ఇంకెక్కడా చోటు దొరకలేదు.

ఎలా వచ్చిందో జెనాన్‌కే తెలియదు. చలికాలంలో కొంచెం నొప్పి మొదలైంది. తర్వాత చేతికి చిక్కుడు గింజంత గట్టిగా ఏదో తగిలింది. మంచు కరిగేసరికి ఆయన పురుషాంగం, నిలబడవలసిన వేళ, ఎడమ పక్కకి తిరిగి నిలబడడం మొదలుపెట్టింది. కొంచెం కాదు. మలుపు దగ్గర పాతే బాణం గుర్తులాగా తిరిగింది. కొన్ని నెలలు ఎవరికీ చెప్పలేదు. పెందలాడే పడుకుని గోడ వైపు తిరిగేవాడు. ఆయన భార్య లెసియా మొదట అలిగింది, తర్వాత అనుమానపడింది, ఆఖరికి వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ నిలదీసింది.

"ఏంటయ్యా నీ సంగతి? ముప్పై అయిదేళ్ల తర్వాత నాతో మొహమాటమా?"

"ఎడమకి తిరిగిపోయింది."

"ఏంటి, ట్రాక్టరా?"

"ట్రాక్టరు కాదే."

లెసియా కత్తి ఆపి ఆయన ముఖం చూసింది, కిందకి చూసింది, మళ్లీ ముఖం చూసింది. నవ్వు ఆగలేదు. కొంగు లేని దేశం కాబట్టి చేతిలో ఉన్న గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. అయితే ఆయన నవ్వలేదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నాన్న పోయిన రోజున కూడా ఆ కళ్లలో నీళ్లు చూడని లెసియా గుడ్డ అక్కడే పడేసి, డాక్టరుకి ఫోన్ చేసింది.

సస్కటూన్ పట్నం ఆసుపత్రిలో డాక్టర్ అఫొలాబీ చిన్నవాడు, నెమ్మదస్తుడు. చూసి, కొలిచి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఇది క్యాన్సర్ కాదండీ. ప్రాణభయం లేదు. మీ ఒక్కరికే వచ్చిందీ కాదు. లోపలి పొరలో ఒక పక్క మచ్చ కట్టింది. మచ్చ సాగదు, మిగతా భాగం సాగుతుంది. అందుకని అటు వంగుతోంది."

జెనాన్‌కి చటుక్కున అర్థమైంది. "మిషను బెల్టుకి ఒకవైపు అతుకేస్తే అటే లాగినట్టు."

"అంతే అంతే."

"మా షెడ్డులో వంగిన కడ్డీలొస్తే నేను వేడిచేసి, సుత్తి పెట్టి..."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. "ప్రిస్తుపా గారూ. వేడి వద్దు. సుత్తి అసలు వద్దు."

కత్తి పెట్టే అవసరం లేదన్నాడు. మచ్చని మెత్తబరిచే సూది మందు ఉంది, అది విడతలు విడతలుగా వేస్తాడు. ఇంట్లో రోజూ చేత్తో మెల్లగా సరిచేసుకోవాలి. పైగా ఒక చట్రం ఇచ్చాడు. అడుగున రింగు, పైకి రెండు సన్నటి కడ్డీలు, చివర మెత్తటి పట్టీ, కడ్డీలకి చిన్న మరలు. రోజూ కొన్ని గంటలు పెట్టుకోవాలి, వారం వారం ఒక చుట్టు తిప్పాలి. చూడగానే జెనాన్‌కి ఆ వస్తువు మీద గౌరవం కలిగింది. కంచె తీగ బిగించే సాధనానికి అది సొంత చెల్లెలు. సూది వేసిన తర్వాత కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు, ముక్కకూడదు, మూలగకూడదు, రాత్రి పనులేవీ పెట్టుకోకూడదు.

"తొందరపడి మర ఎక్కువ బిగించకండి. పొలం కాదు కదా" అన్నాడు డాక్టరు.

"పొలమైనా నేను తొందరపడను బాబూ" అన్నాడు జెనాన్, కాస్త నొచ్చుకుని.

సూది వేయించుకుని బయటికొచ్చి, కాళ్లు ఎడంగా పెట్టుకుని వరండాలో నడుస్తుంటే, క్యాన్సర్ విభాగం అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న తలుపు తెరుచుకుంది. అందులోంచి ఐవర్ స్టెన్‌రుడ్ వచ్చాడు. ఐవర్‌ది రోడ్డుకి అవతలి పొలం. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు, ఒకే గుంటలో ఈత నేర్చుకున్నారు. ఐవర్ మోచేతి మడతలో దూది అంటించి ఉంది. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసి, తప్పించుకోవడానికి పక్కదారి లేక ఆగిపోయారు.

"ఏంట్రా ఇక్కడ?" అన్నాడు జెనాన్.

"ట్రక్కుకి సామాను కావాలి. దానికోసం వచ్చా."

"ఆసుపత్రికా?"

"బండి పెట్టుకోడానికి చోటు దొరికింది. నువ్వో?"

"టార్పాలిన్ కొందామని."

"ఆహా. ఇక్కడ టార్పాలిన్లు బాగుంటాయంటారు."

"అంటారు."

ఇద్దరూ ఒకే లిఫ్టులో దిగారు. దిగినంతసేపూ వానల గురించి మాట్లాడుకున్నారు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. డోబ్రా ఊరి కిరాణా కొట్టులో ఒక మూల కాఫీ బల్ల ఉంది. పొద్దున్నే రైతులంతా అక్కడ చేరి లోకాన్ని ఉతికి ఆరేస్తారు. ఆ బల్లని నడిపేది డోరీన్. చర్చిలో ఎవరికి జబ్బు చేసినా ఇంటింటికీ ఫోన్ చేసి ప్రార్థన పెట్టించేదీ ఆవిడే. మంచి మనిషి. ఆవిడ మంచితనం చేతికి చిక్కితే మాత్రం మనిషి బతికి బట్టకట్టడు. ఐవర్ ట్రక్కు ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం ముందు ఎవరికో కనబడిందట. అందరి ముందూ ఆవిడ ఐవర్‌ని అడిగేసింది.

"నువ్వేంటయ్యా ఆ క్యాన్సర్ వాళ్ల వైపు వెళ్లావట?"

ఐవర్ కాఫీ ఒక గుక్క తాగి అన్నాడు: "జెనాన్‌ని తీసుకెళ్లా."

సాయంత్రానికి జెనాన్ ఇంటి గుమ్మంలో క్యాబేజీ చుట్టల పళ్లెం ఉంది. మర్నాడు దుంప కూరి ఉడకబెట్టిన కజ్జికాయల్లాంటి పెరోగీలు, బంగాళాదుంప కూర, మళ్లీ పెరోగీలు. ప్రతి పళ్లెం అడుగునా పేరు రాసిన బిళ్ల అంటించి ఉంది, కడిగి తిరిగివ్వాలి కదా. లెసియా ఫ్రిజ్ నిండిపోయింది, పక్కింటివాళ్ల ఫ్రిజ్ కూడా నిండింది. ఆదివారం ఫాదర్ బోహ్దాన్ రోగుల పేర్లు చదువుతూ "మన జెనాన్" అని గొంతు తగ్గించాడు. మూడో వరసలో కూర్చున్న జెనాన్ తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడడం చూసి జనం జ్వరం అనుకున్నారు. కాఫీ బల్ల దగ్గర మంచి కుర్చీ ఆయనకి వదిలేశారు. ఏ మాటన్నా ఎవరూ ఎదురు చెప్పడం మానేశారు. గోధుమ ధర గురించి ఆయన కావాలనే ఒక తెలివితక్కువ మాటన్నా అందరూ తలలూపారు. ఆ రోజు జెనాన్‌కి నిజంగా భయం వేసింది.

నేరుగా ఐవర్ షెడ్డుకి వెళ్లాడు.

"ఏం చెప్పావురా ఊళ్లో?"

"నోటికొచ్చింది, అనేశా."

"అంతమంది ఉండగా నా పేరే ఎందుకొచ్చింది?"

"నువ్వు కాళ్లు ఎడం పెట్టి నడుస్తున్నావుగా. నమ్ముతారనిపించింది." ఐవర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "కోతయ్యేదాకా ఉండనీరా. అందరూ వచ్చి భుజం మీద చెయ్యేసి మాట్లాడతారు చూడు, మా నాన్న చివరి రోజుల్లో ఆయనతో మాట్లాడినట్టు. అది నా వల్ల కాదు."

జెనాన్ ఆయన మోచేతి కేసి చూశాడు. దూది లేదు, కమిలిన మచ్చ ఉంది. దాని గురించి అడగలేదు. "సరే" అన్నాడు. అంటే రెండు రహస్యాలు కలిపి ఆయన ఒక్కడి నెత్తినే పడ్డాయి. తన జబ్బు ఇది కాదంటే, మరి అసలు జబ్బేమిటని అడుగుతారు. చెప్పాడా, మునిమనవళ్ల కాలందాకా ఆ ఊళ్లో వంకరగా ఉన్న ప్రతి వస్తువుకీ ఆయన పేరే పెడతారు. వంకరకి పేరు పెట్టించుకోవడమా, జెనాన్ ప్రిస్తుపా! దానికంటే క్యాన్సరే నయం.

"చెప్పెయ్యి. లేకపోతే నేను చెప్తా. ఇంకొక్క పెరోగీ మూట వచ్చిందంటే దాని మీద ఒట్టు" అనేది లెసియా.

"చెప్తే ఈ పొలం అమ్ముకుని వేరే రాష్ట్రం పోవాలే."

"పోదాం. అక్కడ ఫ్రిజ్ ఖాళీగా ఉంటుంది."

చట్రం ఎక్కడ పెట్టుకోవాలన్నది మరో తంటా. ఇంట్లో లెసియాకి తోడంటూ వచ్చి కూర్చుని బొంతలు కుట్టే ఆడవాళ్లు, షెడ్డులో తలుపు తట్టకుండా వచ్చే మగవాళ్లు. ఆఖరికి కోతలు మొదలయ్యేసరికి దిక్కు దొరికింది. కోత మిషను మీద కూర్చునే గాజు గది. నేల మీంచి నిచ్చెన ఎక్కితే తప్ప ఎవరికీ అందదు. ఇప్పుడు ఉపగ్రహం పుణ్యమా అని స్టీరింగు దానంతటదే తిరుగుతుంది, చేతులు ఖాళీ. జెనాన్ పొద్దున్నే ఎక్కి, లాగు సడలించి, చట్రం బిగించుకుని, ఒళ్లో కోటు కప్పుకుని కూర్చునేవాడు. ముందు గోధుమ తిన్నగా తెగుతుండేది, కోటు కింద రెండోది తిన్ననవుతుండేది. కొన్నాళ్లకి కొంచెం తేడా కనిపించింది కూడా. ఆ గాజు గదిలో ఒక్కడే కూర్చుని ఆయన చిన్నప్పటి పాటలు కూనిరాగం తీసేవాడు.

ఒక్కటే ఆయనకి మింగుడు పడలేదు. రోడ్డవతల ఐవర్ గోధుమ ఇంకా నిలబడే ఉంది. అడిగితే, "బెల్టు తెగింది, కొత్తది రావాలి" అనేవాడు. చల్లటి గాలి మొదలైంది. రెండు రోజుల్లో మంచు పడుతుందని రేడియో చెప్పింది. మంచు కింద పడిన గోధుమకి ఎవరూ ధర కట్టరు. ఐవర్‌కి ఆ పంట తప్ప వేరే దిక్కు లేదు, అది జెనాన్‌కి తెలుసు.

ఆ పొద్దున జెనాన్ మిషను మీద ఉండగా రోడ్డు మీద దుమ్ము లేచింది. ఒకదాని వెనక ఒకటి కోత మిషన్లు వస్తున్నాయి. డోబ్రా చుట్టుపక్కల ఒక ఆనవాయితీ ఉంది: రైతు మంచాన పడితే అందరూ సొంత కోతలు ఆపుకుని మిషన్లు తెచ్చి ఒక్క పూటలో వాడి పొలం కోసి పెడతారు. జెనాన్ గుండె తేలికపడింది. ఎవరో ఐవర్ సంగతి కనిపెట్టేశారు, అమ్మయ్య, అనుకున్నాడు. మిషన్లు ఐవర్ గేటు దాటి ముందుకి పోయాయి. జెనాన్ గేటు దగ్గర మలుపు తిరిగాయి.

కోటు కిందకి చెయ్యి పోనిచ్చాడు. మర వేళ్లకి దొరకలేదు. ఈలోగా కుడి పక్కన రెండు మిషన్లు, ఎడమ పక్కన రెండు మిషన్లు వచ్చి ఆయనతో సమంగా నడవసాగాయి. నాలుగు గాజు గదుల్లోంచి నలుగురు, సరిగ్గా ఆయన ఎత్తులోనే కూర్చుని, చేతులు ఊపుతున్నారు. మర్యాదస్తుడు ఏం చేస్తాడు? జెనాన్ రెండు చేతులూ బయటికి తీసి, తిరిగి ఊపాడు. వాళ్లు ఆపలేదు. ఆయనా ఆపలేదు.

మిషను ఆపగానే, వెనకే కార్లలో వచ్చి దిగినవాళ్లలోంచి డోరీన్ నిచ్చెన ఎక్కేసింది.

"లేవకు జెనానూ, లేవకు! నీకు ఓపిక లేదని మాకు తెలుసు."

"డోరీన్, ఒక్క నిమిషం. తలుపు తియ్యకు తల్లీ."

"మా దగ్గర మొహమాటమేంటి" అని తీసేసింది. "రా, మెల్లగా దిగు, నేను పట్టుకుంటా."

"దిగలేను."

డోరీన్ ముఖం మారిపోయింది. కిందికి తిరిగి గొంతు తగ్గించాననుకుంటూ అరిచింది: "దిగలేడట!"

కింద మగాళ్లంతా టోపీలు తీశారు.

తర్వాత జరిగింది ఆపడం జెనాన్ తరం కాలేదు. చర్చి ఆడవాళ్లు ఆయన కోసమే కుట్టి తెచ్చిన బొంత పైకొచ్చింది. కోటు పైనే అది చుట్టేశారు, మెడ దాకా, గట్టిగా. నలుగురు మగాళ్లు ఆయన్ని అలాగే ఎత్తి, నిచ్చెన మీంచి చేతులు మార్చుకుంటూ దింపి, మడత కుర్చీలో కూర్చోబెట్టారు. మధ్యలో మర ఎక్కడో గీరుకుని ఆయన "అబ్బా" అన్నాడు. ఫాదర్ బోహ్దాన్ శిలువ గుర్తు వేసుకున్నాడు. అప్పుడే కాఫీ తీసుకుని వచ్చిన లెసియా ఆ బొంతనీ, బొంత పైన మొగుడి ముఖాన్నీ చూసింది. వెంటనే సంగతి అర్థమై రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఇద్దరు ఆడవాళ్లు వచ్చి వాటేసుకుని, "ఏడువమ్మా, ఏడువు, లోపల దాచుకోకు" అన్నారు.

ఫాదర్ ప్రార్థన మొదలెట్టాడు. అందరూ తలలు దించారు. కట్టేసిన మేకలా కుర్చీలో ఉన్న జెనాన్ ఒక్కడే తల దించలేదు కాబట్టి ఆయన ఒక్కడే చూశాడు. వరసలో ఆఖరున ఐవర్ మిషను ఉంది. బెల్టు తెగిందన్న మిషను! తన పొలం వదిలేసి జెనాన్ పొలం కొయ్యడానికి దాన్ని నడుపుకొచ్చాడు. ఐవర్ దిగాడు, చక్రం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు, చక్రం వెనక్కి వెళ్లి వంగి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు. మళ్లీ నిచ్చెన ఎక్కబోయాడు. మొదటి మెట్టు మీద కాలు నిలవలేదు, రెండోసారికి ఎక్కాడు.

జెనాన్ లెక్క వేసుకున్నాడు. ఊరికి ఉన్నది ఈ ఒక్క పూట. ఇన్ని మిషన్లు ఇక్కడ కోస్తూ కూర్చుంటే, మంచు పడేలోగా రోడ్డవతలి గోధుమకి ఎవరూ మిగలరు. తన పరువు కాపాడుకోడానికి ఐవర్ పంట తనే తినేస్తున్నాడు. ఈ ఆలోచనకి ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. అవతలి గట్టు మీద రాయి ఎక్కడుందో ఆయనకి స్పష్టంగా కనిపించింది.

"నాకు క్యాన్సర్ లేదు" అన్నాడు, ప్రార్థన మధ్యలో.

డోరీన్ ఆయన తల నిమిరింది. "అలాగే నాన్నా, అలాగే."

"నిజంగా లేదు."

"మా మరిదీ ఇంతే," అంది డోరీన్ పక్కావిడతో, "ఆఖరిదాకా ఒప్పుకోలేదు పాపం."

"ఓయ్!" అని అరిచాడు జెనాన్. ముప్పై అయిదేళ్లుగా లెసియా కూడా వినని అరుపు అది. "అందరూ వినండి. మళ్లీ చెప్పను. నా పురుషాంగం వంకరపోయింది. ఎడమకి. మచ్చ కట్టిందట. దానికి సూదులు వేయించుకుంటున్నా. తిన్నగా సాగదీసే చట్రం ఒకటి ఇచ్చారు, అది పెట్టుకుని కోత కోస్తున్నా. ఇప్పుడు కూడా ఈ బొంత కింద ఉంది. అందుకే దిగలేనన్నా. అంతే నా జబ్బు. దానివల్ల ఎవడూ చావడు. సిగ్గుతో చస్తే చావాలి."

అందరూ లెసియా వైపు తిరిగారు.

"నిజమే" అంది లెసియా. "ఎడమకే."

వెనకనుంచి ఎవరో అడిగారు: "ఎంత?"

"డాక్టరు కొలిచాడులేరా, నీకెందుకు!" అని కసిరాడు జెనాన్.

అంతే. మొదట ఒకడు ముక్కుతో నవ్వాడు, తర్వాత పొలం పొలమంతా విరగబడింది. గడ్డాలు నెరిసిన మగాళ్లు చక్రాలకి ఆనుకుని కళ్లు తుడుచుకున్నారు. నవ్వని మగాళ్లు ఇద్దరున్నారు. తర్వాతి వారాల్లో ఆ ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, డాక్టరు పేరు అడగడానికి జెనాన్ షెడ్డుకి వచ్చారు. అది వాళ్ల సొంత విషయం.

"అంటే," అంది డోరీన్, ఆవిడకి ఇంకా నవ్వు రాలేదు, "మేమందరం మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించింది... దానికా?"

ఫాదర్ బోహ్దాన్ గొంతు సవరించుకున్నాడు. "దేవుడికి ఏ అవయవమైనా ఒకటేనమ్మా."

"ఫాదర్," అన్నాడు జెనాన్, "ఇది తీసుకోవాలి. అందర్నీ ఒక్కసారి అటు తిరగమనండి."

ఫాదర్ చెయ్యెత్తాడు. డోబ్రా ఊరు ఊరంతా, టోపీలు చేత పట్టుకుని, శాండ్విచ్ పళ్లేలు పట్టుకుని, పడమటి వైపు తిరిగి బుద్ధిగా ఆకాశం చూస్తూ నిలబడింది. ఫాదర్ కూడా తిరిగాడు. బొంత కింద మరలు విప్పుతున్న సన్నటి చప్పుడు మాత్రం వినబడింది. "లాగకయ్యా, నన్ను చూడనీ" అన్న లెసియా గొంతు కూడా వినబడింది. అది విని ఇంకోసారి అన్ని వీపులూ ఊగాయి.

జెనాన్ లాగు సరిచేసుకుని లేచి నిలబడ్డాడు. "ఇటు తిరగొచ్చు. నా పొలం నేను కోసుకోగలను, సగం అయింది కూడా. మిషన్లు రోడ్డు దాటించండి. ఐవర్ గోధుమ మొత్తం నిలబడి ఉంది."

"ఐవర్‌కేమైంది?" అన్నాడొకడు.

"బెల్టు రాలేదు."

ఐవర్ మిషను వరస చివర గుర్రుగుర్రుమంటూనే ఉంది. అది రోడ్డు మీద దానంతటది నడిచి రావడం అందరూ చూశారు. డోరీన్ ఆ మిషను వైపు చూసింది. గాజు వెనక ఐవర్ ముఖం వైపు, చొక్కాలో వేలాడుతున్న భుజాల వైపు చూసింది. క్యాన్సర్ విభాగానికి నిజంగా వెళ్లిందెవరో ఆవిడ బుర్రలో ఆ క్షణాన లెక్క సరిపోయినట్టుంది. నోరు తెరిచింది. ఆవిడ జీవితంలో అంతకుముందెప్పుడూ జరగనిది జరిగింది. నోరు మూసేసుకుంది.

కాఫీ ఫ్లాస్కు మూత గట్టిగా బిగించింది.

"బెల్టు లేకపోతే పాపం ఎలా కోసుకుంటాడు" అంది. "నిలబడి చూస్తారేంటి? పదండి, మంచొస్తోంది."

ఒక్కరు కూడా ఇంకో ప్రశ్న వెయ్యలేదు. మిషన్లన్నీ వరసగా వెనక్కి తిరిగి, గేటు దాటి, రోడ్డు దాటి, ఐవర్ పొలంలోకి దిగాయి. ఎవడో కుర్రాడు ఐవర్ మిషను తను నడుపుతానని, బెల్టు లేని మిషను నడపడం తనకి సరదా అని చెప్పి ఆయన్ని దింపాడు. ఐవర్ వచ్చి జెనాన్ మిషను ఎక్కి, పక్కనున్న చిన్న సీట్లో కూర్చున్నాడు. తన పొలం తర్వాత కోసుకోవచ్చని జెనాన్ కూడా రోడ్డు దాటాడు.

రెండు పక్కలా మిషన్లు, ముందు గోధుమ. ఐవర్ తన కాళ్ల దగ్గర పడి ఉన్న జెనాన్ కోటు తీసి పక్కన పెట్టబోయి, అందులో చుట్టి తెచ్చిన చట్రం కనబడి ఆగాడు.

"ఇదేనా అది?"

"అదే."

ఐవర్ దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "కంచె బిగించేదానిలా ఉంది."

"నేనూ అదే అనుకున్నా."

"పనిచేస్తోందా?"

"కొంచెం కొంచెం. తొందరపడకూడదట."

ఐవర్ చట్రాన్ని మళ్లీ కోటులో చుట్టాడు. "నీ సంగతి ఊరందరికీ చెప్పేశావు. జన్మంతా ఏడిపిస్తారు నిన్ను. దాంతోపాటు నాదీ చెప్పేస్తే అయిపోయేదిగా. ఎందుకు చెప్పలేదురా?"

జెనాన్ అవతలి గట్టు మీంచి కన్ను తీయలేదు.

"నీ సంగతి నాకేం తెలుసు? నువ్వు ట్రక్కు సామానుకి వచ్చావు."

ఐవర్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ ముందుకి వంగి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. జెనాన్ ఒక చెయ్యి తీసి ఆయన వీపు మీద వేశాడు. భుజం మీద వేయలేదు, అది ఐవర్‌కి పడదు కదా. సాలు చివరిదాకా ఆ చెయ్యి అలాగే ఉంచి, చివర్న మిషను తిప్పాడు.